కళ్లు మూయని ప్రార్థన

పలమనేరు,
మంగళవారం మధ్యాహ్నం.

అమ్మకు,

నీ కూతురు హెప్సిబ ప్రభువు పేరిట వందనాలు చెప్పుకుని రాస్తున్నది. ఇక్కడ మేము ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం. సూళ్లూరుపేటలో నీకు మోకాలి నొప్పి తప్ప తక్కిన బాధలేవీ లేవని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను.

ఫోన్ చేస్తే సరిపోయేదానికి ఇంత ఉత్తరమెందుకని అనుకుంటావేమో. నీకు చెవులు సరిగ్గా వినబడక స్పీకరు పెట్టి మాట్లాడతావు. ఈ మాటలు ఆ ఇంట్లో ఇంకొకరి చెవిన పడకూడదు. పోస్టులో వేద్దామంటే ఎవరు అందుకుంటారో, ఎవరు విప్పుతారో అని భయం. అందుకే నీ అల్లుడి చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన గురువారం తెల్లవారుజామున బస్సెక్కి మధ్యాహ్నానికి నీ దగ్గరికి వస్తాడు. గురువారం నీ తమ్ముడు కంటి ఆసుపత్రికని లోకల్ ట్రైన్‌లో చెన్నైకి పోతాడని నువ్వే రాశావు కదా, అందుకే ఆ రోజు. నీ అద్దాలు పెట్టుకుని, తలుపు గడియ వేసుకుని చదువు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. నీ మనవరాలు కెజియకు దగ్గు తగ్గింది. నాలుగో తరగతి పరీక్షలు అయిపోయాయి. లెక్కల్లో బాగా రాశానంటోంది, తెలుగు సంగతి అడిగితే నవ్వుతోంది. నీ అల్లుడి పాల వ్యాను నడుస్తూనే ఉంది. నేనూ పాలకేంద్రంలోనే చేస్తున్నాను. పొద్దున పాలు పరీక్ష చేసి రాసుకోవడం, సాయంత్రం మళ్లీ అదే. మధ్యలో రెండు గంటలు ఖాళీ. ఇప్పుడు అక్కడే, పాల క్యాన్ల గదిలో బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. బయట ఎవరి చెప్పుల చప్పుడైనా వినబడితే చాలు, కాగితం రిజిస్టరు కింద పెట్టేస్తున్నాను. ఇంతకు ముందు మూడుసార్లు రాసి చింపేశాను.

చంద్రకాంతమ్మ ఎవరు, ప్రతి ఉత్తరంలోనూ ఆమె పేరెందుకు అని అడిగావు. ఆమె మా చర్చిలో పెద్దామె. ఆసుపత్రిలో ఆయాగా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైంది. మా వీధి చివరే ఇల్లు. శుక్రవారం స్త్రీల కూడికకు ముందు చర్చి ఊడ్చి చాపలు పరిచేది ఆమే. నీ కూతురు ఈ రోజు కలం పట్టుకుని కూర్చుందంటే అది ఆమె వల్ల. నీకు ఆమె గురించి చెప్పాలంటే నా గురించి కొంత చెప్పాలి.

నేను చిన్నప్పటి నుంచి ప్రార్థనలో కళ్లు మూసుకోను. నీకు తెలియదు, ఎందుకంటే నువ్వు మూసుకుంటావు. పాస్టరుగారు "ప్రార్థన చేద్దాం" అనగానే నా గుండె దడదడలాడుతుంది, అరచేతులు తడిసిపోతాయి. అందరూ తలలు వంచి ఉంటే నేను మాత్రం తలుపు వైపు, పక్కన కూర్చున్నవాళ్ల చేతుల వైపు చూస్తూ ఉంటాను. నేనొక దొంగ విశ్వాసినని, దేవుడికి అది తెలుసునని అనుకుంటూ ఇన్నేళ్లు చర్చికి పోయాను. కెజియకు ఎనిమిదేళ్లు వచ్చినప్పటి నుంచి అది మరీ ఎక్కువైంది. బడి వదిలే దాకా గేటు బయటే నిలబడేదాన్ని. పాప పక్కింటికి ఆడుకోవడానికి పోతే రెండుసార్లు తొంగిచూసి వచ్చేదాన్ని. నీ అల్లుడు "ఏమైంది నీకు?" అని అడిగితే కసిరేదాన్ని.

పోయిన ఏడాది ఒక ఆదివారం అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను తలెత్తితే, ఎదుటి వరుసలో చంద్రకాంతమ్మ నన్నే చూస్తోంది. నాకు పట్టుబడినట్టయింది. బయటికి వచ్చాక ఆమె నా పక్కన నడుస్తూ, "కండ్లు మూసుకోకపోతే దేవునికి ఇనబడదని యాడ రాసిండాది?" అంది. "శుక్రవారం నాకు నడుము వంగదు, వచ్చి చాపలు పరచమ్మా" అంది.

అట్లా ఐదు నెలలు చాపలు పరిచాను. తలుపులన్నీ బార్లా తెరిచి ఊడ్చేవాళ్లం. ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆ ఖాళీ చర్చిలో మొదటిసారి నాకు భయం లేకుండా కూర్చోవడం తెలిసింది. ఒక శుక్రవారం, ఏ కారణమూ లేకుండా, చీపురు చేతిలో ఉండగానే, ఎవరికీ చెప్పని సంగతి ఆమెకు చెప్పేశాను. ఆ సంగతి నీకూ కింద రాస్తాను.

చెప్పి, "దేవుడు ఆ పొద్దు యాడ ఉన్నాడమ్మా?" అని అడిగాను. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నాకు తెల్దు బిడ్డా. తెలిసినట్టు చెప్తే అబద్ధం. అది నువ్వు ఆయన్నే అడగల్ల. మెల్లగా కాదు, గట్టిగా అడుగు. నేను బయట కూచోనుంటా, ఎవర్నీ రానియ్యను."

ఆమె పోయి మెట్ల మీద కూర్చుంది. నేను నిలబడి, కళ్లు తెరుచుకునే, అరిచాను. ఏం అరిచానో సగం గుర్తు లేదు. ఎక్కడున్నావు, ఎందుకు చూస్తూ ఊరుకున్నావు, నేనంత చిన్నపిల్లను కదా అని గొంతు పోయే దాకా అడిగాను. ఆకాశం నుంచి జవాబేమీ రాలేదమ్మా. కానీ నన్నెవరూ గద్దించలేదు. అరిచి అరిచి చాప మీద కూలబడితే, నేనొక్కదాన్నే ఏడవడం లేదని, నా పక్కన ఇంకొకరు కూడా ఏడుస్తున్నారని అనిపించింది. అది నా ఊహ అనేవాళ్లు అనుకోవచ్చు. ఆ రోజు ఇంటికి పోయి వంట కూడా చేయకుండా పడుకున్నాను. మధ్యలో లేచి తలుపు గడియ చూసుకోకుండా నిద్రపోవడం నాకు అదే మొదలు. ఆ తర్వాత ప్రతి వారమూ అడుగుతూనే ఉన్నాను. అరవడం పోయి మాట్లాడటం వచ్చింది. భయం పోలేదు, కానీ భయంలో ఒంటరితనం పోయింది.

ఇక నీ ఉత్తరంలోని అసలు ప్రశ్న. "తమ్ముడు అంతదూరం వస్తే అన్నం పెట్టకుండా పంపినావంట. నీ మొగుడు సంచి ఎత్తి బయట పెట్టినాడంట. వాడు రెండు రోజులు తిండి తినలేదు. నిన్ను భుజాన మోసి పెంచినోడు. వాడేం తప్పు చేసినాడో రాయి" అన్నావు.

మూడు వారాల కిందట ఆదివారం, ఆరాధన అయ్యాక కెజియ ముందుగా ఇంటికి పోయింది. నేను పది నిమిషాలు వెనక వచ్చాను. గుమ్మం ముందు చెప్పులు కనబడ్డాయి, ఎడమ మడమ ఒక వైపుకు అరిగిపోయి. గంగాధరం మామ చెప్పులు ఎప్పుడూ అట్లాగే అరుగుతాయి. నా చెప్పులు విడవకుండానే లోపలికి పోయాను.

కుర్చీలో కూర్చుని ఫోన్‌లో పాపకు రాకెట్టు వీడియో చూపిస్తున్నాడు.

"ఏమ్మే హెప్సీ, యాడికి పోయినావు? గంట సేపు వాకిట్లో కూచోనుంటే పాప వచ్చి తలుపు తీసింది. పాపను సెలవులకు తోడుకొని పోదామని వచ్చినా. రాకెట్టు సూపిస్తా, చెన్నైలో సముద్రం సూపిస్తా. ఏం బిడ్డా, వస్తావు కదా? ఈ ముసలి తాతను కట్టుకుంటావా?"

కెజియ సిగ్గుతో నవ్వి మొహం దాచుకుంది. నేను "నీళ్లు తెస్తా" అని వంటింట్లోకి పోయాను. గ్లాసు ముంచుకుని తాగకుండా అట్లాగే నిలబడ్డాను. ముప్పై మూడేళ్లదాన్నని, ఉద్యోగం చేసుకుంటున్నానని, ఒక బిడ్డకు తల్లినని నాకే గుర్తు లేదు. మళ్లీ ఎనిమిదేళ్ల పిల్లనైపోయాను. "ప్రభువా, నోరు పెగలనియ్యి, అంతే చాలు" అనుకున్నాను. బయటికి వచ్చాను.

"కెజియా, నువ్వు చంద్రకాంతమ్మ అవ్వ ఇంటికి పో. నేను పిలిచినదాకా రావాకు."

పాప పోయే దాకా ఆగి, "పాప రాదు మామా" అన్నాను.

"ఏమి? మీ యమ్మ పంపిస్తానని చెప్పిండాదే."

"అమ్మ చెప్పినా రాదు. ఎందుకో నీకు తెలుసు."

ఆయన ముందు తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరని చూసుకుని నవ్వాడమ్మా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు కూడా రాయలేకపోతున్నాను.

"అబ్బా, అదా! అవన్నీ ఎప్పుడో అయిపోయినాయి కదమ్మే. నేను ప్రభువు కాడ ఏడ్చి ఒప్పుకున్నా. ఆయన క్షమించేసినాడు. నువ్వింకా మనసులో పెట్టుకొనుండావా? విశ్వాసురాలివి, అట్లుండకూడదు."

"ఏమి క్షమించినాడు?"

అది నీ అల్లుడు జయచంద్ర గొంతు. వ్యాను పెట్టి, పెరటి వైపు నుంచి ఎప్పుడు వచ్చాడో నాకు తెలియదు. మామ లేచి, "ఏం లేదప్పా, చిన్నప్పటి మాటలు" అన్నాడు. జయచంద్ర ఆయన్ని చూడలేదు, నన్ను చూశాడు. నేను తల ఊపాను. దేనికి ఊపానో నాకే తెలియదు. ఆయన మామ సంచి ఎత్తి గేటు బయట పెట్టాడు.

"లే అప్పా. తిరుపతి బస్సు పదకొండున్నరకి ఉండాది."

"అన్నం తిని పోతాలే."

"లే" అన్నాడు మళ్లీ. చెయ్యి మాత్రం ఎత్తలేదు.

సాయంత్రం నా పక్కన కూర్చుని, "చెప్పాలనిపిస్తే చెప్పు, లేకుంటే వద్దు. నేను ఈడనే ఉంటా" అన్నాడు. చెప్పాను. పదేళ్లు కాపురం చేసిన మనిషికి ఆ రోజు చెప్పాను. మగవాడు కదా, అసహ్యించుకుంటాడేమోనని ఆయన మొహం వైపు చూడకుండా చెప్పాను. ఆయన ఏడ్చాడమ్మా.

ఇప్పుడు నీకు చెబుతున్నాను. ఈ పంక్తి చదివాక ఉత్తరం మడిచేయకు, చివరి దాకా చదువు.

చిత్తూరులో మనం ఉన్నప్పుడు, నాయన లారీ ప్రమాదంలో పోయిన ఏడాది, ఇంట్లో మగదిక్కు లేదని మామను తెచ్చి పెట్టావు. నీకు పల్లె బడిలో టీచరు పని. ఏడు గంటల బస్సుకు వచ్చేదానివి. నేను నాలుగు గంటలకు బడి నుంచి వచ్చేదాన్ని. నాలుగు నుంచి ఏడు దాకా ఇంట్లో నేనూ, మామా. మూడేళ్లు. ఒక ఆడపిల్లతో ఏ పెద్దవాడూ చేయకూడనిది మామ నాతో చేశాడు. అంతకన్నా వివరంగా రాయను, నువ్వు చదవలేవు. "కండ్లు మూసుకోమ్మే, ప్రార్థన చేద్దాం" అని మొదలుపెట్టేవాడు. నా దగ్గర నుంచి ప్రార్థన అనే మాటను కూడా లాక్కున్నాడు. ఆదివారం అదే నోటితో చర్చిలో లేచి అందరికంటే గట్టిగా ప్రార్థించేవాడు. నువ్వు గర్వంగా చూసేదానివి.

ఒకసారి నీకు చెప్పబోయాను. నువ్వు పొయ్యి దగ్గర ఉన్నావు. "మామ నన్ను ముట్టుకుంటాడు, నాకు బాగాలేదు" అన్నాను. పక్కింటామె కూడా ఉంది. ఇద్దరూ నవ్వారు. "మామే కదే, రేపు ఆయన్నే కట్టుకుంటావేమో" అంది ఆమె. నువ్వు కూడా నవ్వావు. మన వైపు మేనమామ వరసంటే అంతే కదా, ఎంత మాటైనా సరసమే. నీకు గుర్తుండదు. గుర్తు లేదని నిన్ను తప్పుపట్టడం లేదు. ఆ రోజు నుంచి నేను నోరెత్తలేదని మాత్రం తెలుసుకో. నా పెళ్లిలో దీవిస్తానని ఆయన తల మీద చెయ్యి పెడితే కళ్లు తిరిగి పడిపోయాను. ఉపవాసం వల్లనని నువ్వు అందరికీ చెప్పావు.

ఇంకొకటి అడగాలని ఉంది, అడగాలంటే అన్నిటికన్నా ఎక్కువ భయం దీనికే. నాకు పదకొండేళ్లప్పుడు, ఉన్నట్టుండి ఒక సోమవారం నన్ను మదనపల్లె హాస్టల్లో చేర్చావు. బడులు తెరిచి నెల దాటాక, జూలైలో. దారంతా నువ్వు నాతో మాట్లాడలేదు. నీకు ఏదైనా కనబడిందా అమ్మా? తెలిసి పంపావా, తెలియకుండానే పంపావా? ఈ ప్రశ్న ఇరవై ఏళ్లుగా నాలో ఉంది. జవాబు నువ్వు ఎప్పుడు చెప్పగలిగితే అప్పుడే చెప్పు, అసలు చెప్పలేకపోయినా నేను నీ కూతురినే. ఆ హాస్టలే నన్ను బతికించింది. నువ్వే పంపావు.

మామను క్షమించావా అని అడుగుతావేమో. చంద్రకాంతమ్మను నేను అదే అడిగాను. "క్షమించడమంటే తలుపు తెరిచి లోపలికి రమ్మనడం కాదు బిడ్డా. ఆ పని నీకూ దేవునికీ మధ్య, ఎన్నాళ్లు పట్టినా పట్టనీ. బిడ్డల్ని కాపాడేది మాత్రం ఈ పొద్దే చెయ్యల్ల" అంది. పగ తీర్చుకోవాలని నాకు లేదు. అట్లాగని ఇక కప్పిపెట్టను.

నిన్ను బాధపెట్టడానికే అయితే ఇది రాసేదాన్ని కాదు. నువ్వు పోయేదాకా దాచుకునేదాన్ని. నీ ఉత్తరం చివర రెండు సంగతులు రాశావు. మోకాలి నొప్పితో కూర్చోలేక సాయంత్రం పడుకుంటున్నావని, నీ ట్యూషన్ పిల్లలను మూడు నెలలుగా తమ్ముడే చూసుకుంటున్నాడని ఒకటి. ఎదురింటి పవిత్ర, ఏడేళ్ల పిల్ల, బాగా చదివేది కాస్తా సోమరిపోతు అయిపోయి, ట్యూషన్ అంటే ఏడుస్తోందని, వాళ్లమ్మ కొట్టి మరీ పంపిస్తోందని రెండోది.

అది చదివి ఉత్తరం బియ్యం డబ్బాలో పెట్టేశాను. ఆరు రోజులు దాన్ని ముట్టుకోలేదు. అన్నం వండటానికి డబ్బా తీసినప్పుడల్లా నాకు ఆ పిల్ల ఏడుపే వినబడింది. ఆరు రోజులు ఆలస్యం చేశాను, అందుకు నన్ను క్షమించు. నిన్న చంద్రకాంతమ్మను పక్కన పెట్టుకుని పిల్లల సహాయం నంబరు 1098కి ఫోన్ చేశాను. అవతల మాట్లాడిన ఆమె ఓపిగ్గా విన్నది. పవిత్ర పేరూ, వీధీ చెప్పాను. వాళ్ల మనుషులు వచ్చి చూస్తారు. ఏమీ జరిగి ఉండకపోవచ్చు. జరిగి ఉండకూడదనే మూడు పూటలా ప్రార్థిస్తున్నాను. కానీ చూడకుండా ఊరుకోవడం నా వల్ల కాదు.

నువ్వు చేయవలసినవి ఇవి. గురువారం నుంచి ఇక ట్యూషన్ లేదని పిల్లలందరి ఇళ్లకు చెప్పు. మోకాలు నొప్పి అని చెప్పు, చాలు. పవిత్రను నువ్వేమీ గుచ్చి గుచ్చి అడగవద్దు, అట్లా అడగకూడదని ఫోన్‌లో ఆమె చెప్పింది. వాళ్లమ్మ దగ్గరికి మాత్రం పో. పిల్లను కొట్టవద్దని, పిల్ల ఏం చెప్పినా నమ్మమని చెప్పు. మామతో నువ్వు ఒంటరిగా ఈ మాట ఎత్తవద్దు. నాలుగు చీరలు, మందులు సర్దుకుని నీ అల్లుడితో బయలుదేరి మా ఇంటికి రా. స్టేషన్‌కు పోయి చెప్పవలసి వస్తే నేను వచ్చి చెబుతాను. నా పేరుతో, నా నోటితో. భయమే, అయినా చెబుతాను.

నమ్మవేమోనని భయం. నమ్మి, పరువు కోసం ఊరుకోమంటావేమోనని ఇంకా భయం. అరవై ఆరేళ్ల నీ గుండె ఇది తట్టుకుంటుందా అని అన్నిటికన్నా భయం. అందుకే ఒంటరిగా చదవనివ్వలేదు. నీ అల్లుడు వసారాలో కూర్చుని ఉంటాడు. ఎంతసేపైనా కూర్చుంటాడు, తొందరపెట్టడు. నువ్వు తలుపు తీశాక ఒక్క మాట కూడా మాట్లాడనక్కర్లేదు. సంచి ఆయన చేతికిస్తే చాలు, రాత్రి ఎంత పొద్దుపోయినా నేను బస్టాండులో నిలబడి ఉంటాను.

సంచి ఇవ్వాలని లేకపోతే, పవిత్రవాళ్ల ఇంటికైనా పోయి రా అమ్మా. అది మాత్రం నీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను.

ఇట్లు,
నీకు అంతా చెప్పుకున్న
నీ బిడ్డ,
హెప్సిబ.